పదమూడో అంకె

విజయవాడలో ఒక ప్రెస్సులో ముప్పై ఏడేళ్ళు ప్రూఫులు దిద్దాను. మొదట్లో నవలలు, గైడ్లు, శుభలేఖలు. పోనుపోను పచ్చడి సీసాల లేబుళ్ళు, కారం పొట్లాలు, అగరువత్తుల పెట్టెలు ఎక్కువయ్యాయి. వాటితోపాటే నల్ల గీతలూ, వాటి కింద పదమూడు అంకెలూ వచ్చాయి. ఇప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చునే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి ఆ అంకెల గురించి అడుగుతుంటారు. వాళ్ళకు నోటితో చెప్పేవే ఇక్కడ రాసిపెడుతున్నాను.

1. సంఖ్యకు స్పెల్లింగు లేదు

అక్షరం తప్పు పడితే కన్ను దానంతటదే ఆగుతుంది. "మామిడికాయ" బదులు "మామిడకాయ" అని పడితే చదివేవాడి నోరు అక్కడ తడబడుతుంది. అంకెల్లో ఆ తడబాటు ఉండదు. 4 ఉండాల్సిన చోట 7 పడితే, 7 కూడా నిక్షేపంలాంటి అంకే. చేరిన కొత్తలో ఒక్కో సంఖ్యను మూడేసి సార్లు చదివేవాణ్ణి. మూడుసార్లూ కన్ను అదే తప్పు మీదుగా జారిపోయేది.

చివరి అంకె పుట్టింది ఈ బాధలోంచే. మొదటి పన్నెండు అంకెలూ ఏ కంపెనీ, ఏ సరుకు అన్నది చెబుతాయి. పదమూడోది సరుకు గురించి ఒక్క ముక్క చెప్పదు. ముందున్న పన్నెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయా లేదా అన్నదే దాని పని. చెక్ డిజిట్ అంటారు. సంఖ్యకు లేని స్పెల్లింగును అది తెచ్చిపెట్టిందని నా లెక్క. పదమూడు అంకెలూ కలిసి ఒక మాటలా నిలబడతాయి. ఒకటి మారితే మాట చెడుతుంది.

1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రం ట్రాయ్ ఊళ్ళోని సూపర్ మార్కెట్లో ఒక చూయింగ్ గమ్ పొట్లంతో ఈ గీతల వ్యాపారం మొదలైంది. వాళ్ళది పన్నెండు అంకెల సంఖ్య. అందులోనూ ఆఖరిది ఇదే పని చేసేది. ఇవాళ బిల్లింగ్ కౌంటర్లో "కీ" మని వినపడేలోపే యంత్రం ఈ లెక్క చేసేసి ఉంటుంది. లెక్క కుదరకపోతే ఆ చప్పుడు రాదు.

2. ఒక్కసారైనా చేత్తో వేసి చూడండి

నేర్పడానికి నేను వాడే సంఖ్య 890123456789. ఎడమ నుంచి ఒకటి, మూడు, ఐదు, ఇలా బేసి స్థానాల్లో ఉన్నవి 8, 0, 2, 4, 6, 8. కూడితే 28. సరి స్థానాల్లో ఉన్నవి 9, 1, 3, 5, 7, 9. కూడితే 34, మూడుతో గుణిస్తే 102. రెండూ కలిపి 130. దీన్ని చివర సున్నా ఉన్న సంఖ్యగా చేయడానికి ఎంత కలపాలి? ఇప్పటికే సున్నా ఉంది కాబట్టి పదమూడో అంకె 0. మొత్తం 134 వచ్చి ఉంటే 6 అయ్యేది, 139 అయితే 1. అంతే లెక్క. ఐదో తరగతి పిల్లవాడు చేస్తాడు.

ప్రూఫు కాగితం అంచున పెన్సిల్‌తో ఈ రెండు కూడికలు వేసి టిక్కు పెట్టడం నాకు అలవాటు. కంప్యూటర్లు వచ్చాక ఆ అవసరం పోయిందన్నారు. పోలేదు. గీతలు గీసే సాఫ్ట్‌వేర్‌కు పన్నెండు అంకెలు ఇస్తే పదమూడోది తనే వేసుకుంటుంది. మీరిచ్చిన పన్నెండులో తప్పుంటే, ఆ తప్పుకు సరిపోయే చివరి అంకెను ఎంతో శ్రద్ధగా వేసిపెడుతుంది. ఇక ఆ తప్పును ఏ స్కానరూ పట్టుకోలేదు. అందుకే పార్టీ దగ్గర ఎప్పుడూ పదమూడు అంకెలూ రాయించుకోండి. పన్నెండే కొట్టండి. యంత్రం వేసిన పదమూడోది వాళ్ళు రాసినదానితో కలిసిందో లేదో చూడండి. కలవకపోతే పని ఆపి ఫోన్ చెయ్యండి. ఈ ఒక్క అలవాటు మా ప్రెస్సుకు ఎన్ని వేల లేబుళ్ళు మిగిల్చిందో లెక్క లేదు.

3. మూడు ఎందుకంటే

అంకెలన్నీ ఊరికే కూడితే చాలదా అని అడుగుతారు. కూడికకు వరస పట్టదు. 12 రాసినా 21 రాసినా మూడే. పక్కపక్క అంకెలకు వేర్వేరు బరువు పెడితేనే తారుమారైనప్పుడు మొత్తం మారుతుంది. అందుకే ఒకదానికి ఒకటి, పక్కదానికి మూడు.

మరి రెండు పెట్టొచ్చుగా? రెండో ఎక్కం చదవండి. రెండు ఒకట్లు రెండు, రెండు ఆర్లు పన్నెండు. రెంటికీ చివర 2 వస్తుంది. అంటే 1 పోయి 6 వచ్చినా తెలియదు. ఇప్పుడు మూడో ఎక్కం చదివి చివరి అంకెలే చూడండి: 0, 3, 6, 9, 2, 5, 8, 1, 4, 7. పది అంకెలకు పది వేర్వేరు చివరలు, ఒక్కటీ మళ్ళీ రాదు. కాబట్టి ఏదైనా ఒక్క అంకె మారితే, అది ఏ స్థానంలో ఏ అంకైనా సరే, తప్పించుకోలేదు. నూటికి నూరు. చిన్నప్పుడు మాస్టారు బెత్తం పట్టుకుని వల్లె వేయించిన ఎక్కంలో ఇంత గుణం ఉందని నాకు నలభై దాటాక తెలిసింది. ఆ రోజు నిజంగా సంతోషపడ్డాను.

4. తప్పు ఎక్కడ పుడుతుందో తెలుసుకోండి

ఫోనులో అంకెలు చెప్పించుకుంటే తెలుస్తుంది. "ఇరవై" అంటే "అరవై" అని వినపడుతుంది. "ఏభై" అంటే "ఎనభై". "డబల్ త్రీ ఫోర్" అంటే 334 రాయాల్సినవాడు 344 రాస్తాడు. చేతిరాతలో ఒకటికీ ఏడుకూ, మూడుకూ ఎనిమిదికీ తగువు. ఇవన్నీ ఒక్క అంకె మారే తప్పులే, చెక్ డిజిట్ నోటి దగ్గరే ఆపేస్తుంది. అయినా నేను పెట్టుకున్న నియమం ఏమిటంటే, ఫోనులో ఎప్పుడూ విడివిడిగా, ఒక్కో అంకే, తెలుగులోనే. "ఎనిమిది, తొమ్మిది, సున్నా" అని. జంటలుగా చెప్పనిచ్చేవాణ్ణి కాదు.

యాకోబస్ వెర్‌హూఫ్ అని డచ్ గణిత శాస్త్రజ్ఞుడు ఒకాయన, అంకెలు రాయడంలో మనుషులు నిజంగా చేసిన తప్పులను వేలకొద్దీ పోగేసి రకాలుగా విడదీశాడు. దాదాపు ఐదింట నాలుగు ఒక్క అంకె మారినవే. పదింట ఒకటి పక్కపక్క అంకెలు తారుమారైనవి. మిగతావన్నీ కలిపినా తక్కువే. ఈ రెండు రకాలనూ ఒక్కటి కూడా వదలకుండా పట్టే పద్ధతిని 1969లో ప్రచురించాడు. మన ఆధార్ సంఖ్యలో పన్నెండో అంకె ఆయన పద్ధతిలో వచ్చిందే. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది లెక్క గొప్పదని మాత్రమే కాదు. తప్పు చేసినవాణ్ణి తిట్టకుండా, ఆ తప్పు దగ్గర కూర్చుని అది ఎలా వచ్చిందో చూశాడు.

5. పదహారు, అరవై ఒకటి

ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

దుకాణాలు తమ సొంత పొట్లాలకు 2తో మొదలయ్యే సంఖ్యలు వాడుకుంటాయి. అవి ఆ దుకాణం నాలుగు గోడల మధ్యే చెల్లుతాయి. ఒక దుకాణం వాళ్ళు అరకిలో కందిపప్పు పొట్లాలకు మా దగ్గర లేబుళ్ళు వేయించారు. వాళ్ళ జాబితాలో కందిపప్పు 16వ సరుకు. సంఖ్య 2000001600016. చేత్తో రాసిన చీటీ వచ్చింది. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించిన అమ్మాయి 16 బదులు 61 కొట్టింది. నేను నేర్పినట్టే పన్నెండు అంకెలు కొట్టి, పదమూడోది చీటీతో పోల్చింది. యంత్రం 6 వేసింది. చీటీలోనూ 6 ఉంది. టిక్కు పెట్టింది. ప్రూఫు నా దగ్గరికొచ్చింది. నేనూ చివరి 6 చూసి, నా పేరులో మొదటి అక్షరం వేశాను.

61వ సరుకు జీలకర్ర.

లేబుళ్ళు అంటించారు, పొట్లాలు అరలోకి వెళ్ళాయి. పప్పు కొన్నవాళ్ళకు జీలకర్ర ధర పడింది. బిల్లు చూసుకున్నవాళ్ళు గొడవ పెట్టుకున్నారు. చూసుకోనివాళ్ళు ఎంతమందో. మర్నాడు ఉదయం దుకాణం మనిషి లేబుళ్ళ చుట్ట తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. అమ్మాయి జీతంలో కోత పెడదామన్నారు. "చెక్ డిజిట్ చూశానండీ, కలిసిందండీ" అని ఆ పిల్ల ఏడుస్తూనే ఉంది. ఎవరూ నమ్మలేదు. నాకూ నమ్మబుద్ధి కాలేదు. అదెలా కలుస్తుంది అనుకున్నాను.

ఆ చుట్ట వెనకే పెన్సిల్‌తో వేశాను. సరైన సంఖ్య: బేసి స్థానాల్లో 2, 1, మిగతావి సున్నాలు, మొత్తం 3. సరి స్థానాల్లో 6, 1, మొత్తం 7, మూడు రెట్లు 21. కలిపితే 24, చివరి అంకె 6. తప్పు సంఖ్య: బేసిలో 2, 6, మొత్తం 8. సరిలో 1, 1, మొత్తం 2, మూడు రెట్లు 6. కలిపితే 14. చివరి అంకె మళ్ళీ 6.

ఎంతసేపు చూశానో తెలియదు. పక్కపక్క అంకెలు తారుమారైతే మొత్తంలో వచ్చే తేడా, ఆ రెండంకెల తేడాకు రెట్టింపు. 1కీ 6కీ తేడా ఐదు. రెట్టింపు పది. పది పెరిగినా తగ్గినా చివర మారదు. అంటే ఐదు తేడా ఉన్న జతలన్నీ ఈ వలలోంచి జారిపోతాయి: 05, 16, 27, 38, 49, వీటిని తిప్పి రాసినవి. పక్కపక్కన రాగల వేర్వేరు అంకెల జతలు తొంభై. అందులో పది తప్పించుకుంటాయి. 17 బదులు 71 కొట్టి ఉంటే అక్కడికక్కడే దొరికేది. ఆ పిల్ల దురదృష్టం, పదహారు తగిలింది.

కాగితం తీసుకెళ్ళి యజమానికి చూపించాను. ప్రూఫు మీద సంతకం నాది కాబట్టి కోత నా జీతంలోనే పెట్టమన్నాను. చివరికి ఎవరికీ పెట్టలేదు. కానీ ఆ అమ్మాయి రెండు నెలలకే మానేసింది. తప్పు జరిగినప్పుడు ముందు మనిషిని కాదు, పద్ధతిని లెక్కకట్టాలని నాకు ఆ రోజు వరకూ తెలియకపోవడం ఇప్పటికీ బాధే. ఆ తర్వాత నేను బల్ల మీద ఒక చీటీ అంటించాను: 05 16 27 38 49. ఈ జతలు కనిపిస్తే చివరి అంకెను నమ్మకుండా, ఇంకొకరిచేత పైకి చదివించుకుని దిద్దాలి. ఇప్పుడూ ఆ చీటీ అక్కడే ఉందని విన్నాను.

ఒక అంకె వదిలి ఒకటి తారుమారైతే, అంటే 472 కాస్తా 274 అయితే, ఈ లెక్క అసలు పట్టుకోలేదు. రెండు చివరలకీ ఒకే బరువు కాబట్టి. అదీ గుర్తుంచుకోండి.

6. ఎక్స్‌ను చెరపకండి

పాత పుస్తకాల వెనకట్ట మీద ఐఎస్‌బీఎన్ పది అంకెలే. కొన్నింటికి చివర ఇంగ్లీషు ఎక్స్ ఉండేది. అది అచ్చుతప్పనుకుని ప్లేటు మీద గీకేసిన మనిషిని నేను చూశాను. అక్కడ లెక్క పదితో కాదు, పదకొండుతో. అందుకే చివర 0 నుంచి 10 వరకూ రావచ్చు. పది రాయడానికి రెండంకెలు కావాలి, ఉన్నది ఒక్క గడి. రోమన్ అంకెల్లో పదికి ఎక్స్ కాబట్టి దాన్ని తెచ్చి కూర్చోబెట్టారు.

పదకొండుకు దేనితోనూ పొత్తు లేదు. అందుకని ఆ పాత పద్ధతి ఒక్క అంకె మారినా, ఏ రెండంకెలు తారుమారైనా, దూరంగా ఉన్నవైనా సరే, పట్టేసేది. 2007 జనవరి 1 నుంచి పుస్తకాలకూ పదమూడు అంకెలొచ్చాయి. ముందు 978, చివర పప్పులకూ సబ్బులకూ ఉన్న అదే మూడో ఎక్కం లెక్క. ప్రపంచంలో ఏ దుకాణం స్కానరైనా పుస్తకాన్ని చదవగలుగుతుంది, అది లాభమే. కానీ పుస్తకాలవాడిగా చెబుతున్నాను, కాపలా విషయంలో పాతదే గట్టిది.

7. ముందు చేరిస్తే వెనక మారాలి

978 వచ్చిన కొత్తలో చాలామంది ప్రచురణకర్తలు పాత పదంకెల ముందు 978 తగిలించి, చివరి అంకె అలాగే ఉంచి పంపేవారు. పాత చివరి అంకె తీసేసి మళ్ళీ కట్టాలి. అట్టపెట్టెల విషయంలోనూ ఇదే. ఇరవై నాలుగు పొట్లాల పెట్టెకు పొట్లం సంఖ్య ముందు 1 చేర్చి పద్నాలుగంకెలు చేస్తారు. ఆ ఒకటికి మూడు బరువు పడుతుంది. కాబట్టి 8901234567890 పొట్లం అయితే పెట్టె 18901234567897. చివర సున్నా కాదు, ఏడు.

8. సాక్షికి తెలిసింది ఇంతే

890తో మొదలైతే మన దేశంలో తయారైన సరుకని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. కాదు. ఆ సంఖ్య తీసుకున్న కంపెనీ, ఈ సంఖ్యలు ఇచ్చే జీఎస్1 ఇండియా అనే సంస్థ ద్వారా తీసుకుందని మాత్రమే అర్థం. సరుకు ఎక్కడైనా తయారై ఉండొచ్చు. చివరి అంకె కుదిరింది కాబట్టి అసలు సరుకే అనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. నకిలీ చేసేవాడు పదమూడు అంకెలూ ఉన్నవి ఉన్నట్టే దించుకుంటాడు. లెక్క చక్కగా కుదురుతుంది. గడువు తేదీ అందులో లేదు. ధర కూడా ఆ గీతల్లో లేదు, దుకాణం కంప్యూటర్‌లో ఉంది.

9. గీతలు మూగబోయినప్పుడు

గుంటూరు కారం పొట్లం అంటే ఎర్రగా ఉండాలి, నిజమే. ఒకాయన గీతలు కూడా ఎర్రగానే కావాలని పట్టుబట్టాడు, తెల్ల అట్ట మీద. చూడ్డానికి బాగుంది. స్కానర్ వెలుతురు ఎరుపు. ఎర్ర వెలుగులో ఎర్ర గీత తెల్లగా కనిపిస్తుంది. యంత్రానికి అక్కడ ఖాళీ కాగితమే. గీతలకు ఇరుపక్కలా వదలాల్సిన తెల్ల జాగాను డిజైనర్ మింగేసినా ఇదే జరుగుతుంది. కుడి చివర బాణం మొనలాంటి గుర్తు ఒకటి ఉంటుంది చూడండి, ఆ జాగాను కాపాడటానికే.

గీతలు పలకనప్పుడు కౌంటర్లో అమ్మాయి కింది అంకెలు చూసి కొడుతుంది. వెనక పదిమంది నిలబడి ఉంటారు. తప్పులు పుట్టేది అక్కడే, చివరి అంకె విలువ తెలిసేదీ అక్కడే. కాబట్టి గీతల కింది అంకెలను అందం కోసం చిన్నవి చెయ్యమంటే ఒప్పుకోకండి.

ఇంకో సంగతి. పదమూడు అంకెలున్నా గీతలు పన్నెండింటికే ఉంటాయి. మొదటి అంకెను విడిగా గీయరు. ఎడమ పక్క ఆరంకెలను ఏ తీరులో గీశారన్నదాన్ని బట్టి యంత్రం దాన్ని గ్రహిస్తుంది. గీతల మీద నాకు మొదటిసారి ప్రేమ కలిగింది ఇది తెలిశాకే.

10. స్ప్రెడ్‌షీట్‌లో వచ్చిన సంఖ్యలు

పదమూడు అంకెలను స్ప్రెడ్‌షీట్ లెక్కించాల్సిన సంఖ్య అనుకుని కుదించి చూపిస్తుంది. ఆ కుదించిన రూపంలోనే దాచి పంపితే 8901234567890 కాస్తా 8901230000000 అయి వస్తుంది. వరసగా సున్నాలు కనిపిస్తే ఆగండి. కనిపించకపోయినా లెక్క వేస్తే తెలుస్తుంది, దాని చివర 1 ఉండాలి, 0 కాదు. ఆ గడులను ముందే అక్షరాల గడులుగా మార్చమని పార్టీకి చెప్పండి.

11. ఊడిపోయిన అంకె

చెక్ డిజిట్‌కు ఇంకో గుణం ఉంది, ప్రెస్సులో ఎవరూ చెప్పలేదు. ఏ స్థానంలో అంకె చెరిగిపోయిందో తెలిస్తే, ఆ అంకె ఏదో చెప్పగలదు.

గూడ్సు బండి వ్యాగన్ల మీద పదకొండు అంకెలు రాసి ఉంటాయి. ఏ రకం వ్యాగను, ఏ రైల్వేది, ఏ ఏడు తయారైంది, దాని వరస సంఖ్య, ఆఖరున చెక్ డిజిట్. లెక్క మన లేబుళ్ళదే, సరి స్థానాలకు మూడు. సాయంత్రం పూట మనవరాల్ని తీసుకుని రైల్వే గేటు దాకా నడుస్తాను. మొన్న గేటు దగ్గర బండి ఆగింది. మా ఎదురుగా ఉన్న వ్యాగను మీద ఎనిమిదో అంకె దగ్గర పెయింటు పెచ్చు ఊడి తుప్పు కనిపిస్తోంది.

మిగతా అంకెలు మనవరాలు పైకి చదువుతుంటే నేను వేళ్ళ మీద లెక్క కట్టాను. బేసివి ఉన్నవి ఉన్నట్టు, సరివి మూడేసి రెట్లు. 73 వచ్చింది. చివర సున్నా రావాలంటే, ఊడిన అంకెకు మూడు రెట్లు చివర 7 ఉండాలి. దానికి మూడో ఎక్కం ఈ మధ్యే వచ్చింది. పెదాలు కదుపుతూ ఒకట్ల దగ్గర నుంచి మొదలుపెట్టింది. సిగ్నల్ పడింది, బండి కదులుతోంది, అది ఇంకా మూడు ఏళ్ళు ఇరవై ఒకటి దగ్గరే ఉంది. నేను చెప్పలేదు. ఆ వ్యాగను గేటు దాటుతుండగా "తొమ్మిది తాతయ్యా!" అని అరిచింది.